పచ్చిక క్రింది పంచాంగము

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు భాగమున సెప్టెంబరు నెల నడుమ ఏదో ఒక ఇంటి ముందరి పచ్చిక బయలులో ఒకచోట గడ్డి వన్నె తప్పును. కొలది దినములలో ఆ మచ్చ చాపంత వెడల్పగును. నీరు చాలలేదనుకొని ఇంటివారు గొట్టము పెట్టి తడుపుదురు. గడ్డి తేరుకొనదు. అనుమానము వచ్చి గుప్పిట పట్టి లాగినచో, చుట్టిన చాప విప్పినట్లు పచ్చిక అంతయు నేలనుండి ఊడివచ్చును. దానికి వేళ్ళు లేవు. క్రింది మన్నులో కొడవలివలె వంగిన తెల్లని పురుగులు పడియుండును. వాని తల గోధుమవన్నె, కాళ్ళు ఆరు, పొడవు రమారమి ఒక అంగుళము.

ఈ పురుగులు నిన్న మొన్న వచ్చినవి కావు. జూలై నెలలోనే ఇవి గుడ్ల రూపమున ఆ నేలలో చేరినవి. ఆగస్టు నెల అంతయు వేళ్ళను కొరుకుచునే ఉన్నవి. మచ్చ కంటబడునప్పటికి వాని భోజనము చాలవరకు ముగిసినది. గడ్డి ఎండిన పిమ్మట మందు కొరకు పరుగెత్తువాడు ఆ సంవత్సరమునకు ఆలస్యముగా వచ్చినవాడే. కనుక ఈ పురుగు సంగతి తెలిసికొనదలచినవారు మొట్టమొదట దాని పంచాంగమును తెలిసికొనవలెను.

పచ్చికను పాడుచేయు కీటకములు పెక్కు కలవు. వానిలో అమెరికాయందు మిక్కిలి పేరు మోసినది జపాను పెంకు పురుగు. దీని శాస్త్రీయ నామము పోపిల్లియా జపానికా. పేరునుబట్టియే దీని స్వస్థలము తెలియుచున్నది. 1916వ సంవత్సరమున న్యూజెర్సీ రాష్ట్రమునందలి రివర్టన్ పట్టణ సమీపమున ఒక మొక్కల తోటలో ఈ పురుగులు పండ్రెండింటిని మొదట కనుగొనిరి. దిగుమతియగు మొక్కలను పరీక్షించు చట్టము ఆ దేశమున 1912లో వచ్చెను. అంతకు పూర్వమే, ఐరిస్ అను పూలమొక్కల దుంపలకు అంటిన మన్నులో ఈ పురుగు పిల్లలు సముద్రము దాటి వచ్చియుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఓడలో మనుష్యులను పరీక్షించిరి గాని మన్నును పరీక్షింపలేదు.

జపానులో ఇది అంత పెద్ద పీడ కాదు. అచ్చట దీనిని తిను శత్రువులు కలవు. అంతకన్న ముఖ్యముగా, ఇది గుడ్లు పెట్టుటకు అనువగు విశాలమైన పచ్చిక నేలలు అచ్చట తక్కువ. అమెరికాలో ఇందుకు విరుద్ధము. ఇండ్ల ముందు, పాఠశాలల చుట్టు, శ్మశానములలో, గోల్ఫ్ మైదానములలో కత్తిరించి నీరు పెట్టి పెంచిన పచ్చికయే. ఉపగ్రహ చిత్రముల ఆధారమున 2005లో ప్రకటించిన ఒక అంచనా ప్రకారము ఆ దేశమున ఇట్టి పచ్చిక సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు కలదు. ఇది దాదాపు నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విస్తీర్ణమంత. అతిథి వచ్చునప్పటికే పరుపు పరచి ఉంచినట్లయినది.

పెంకు పురుగు చూచుటకు అందమైనదే. పొడవు ఒక సెంటీమీటరు. తల, రొమ్ము లోహపు మెరుపుగల ఆకుపచ్చ. రెక్కల పెంకులు రాగి వన్నె. పొట్టకు ఇరుప్రక్కల ఐదేసి తెల్లని వెండ్రుకల కుచ్చులు, చివర మరి రెండు ఉండును. ఈ కుచ్చులను చూచి దీనిని పోల్చుకొనవచ్చును. జూను నెల చివర ఇది నేలనుండి వెలువడును. గులాబి, ద్రాక్ష మొదలుగా సుమారు 300 జాతుల మొక్కలను తినును. ఆకులోని మెత్తని భాగమును తిని ఈనెలను విడిచిపెట్టుటచే ఆకు జల్లెడవలె మిగులును. కొరికిన ఆకునుండి వెలువడు వాసన మరికొన్ని పురుగులను పిలుచును. అందుచే ఒక చెట్టు నిండ పురుగులుండి ప్రక్క చెట్టున ఒకటియు లేకపోవుట సామాన్యము.

అయితే పచ్చికకు చేటు తెచ్చునది చెట్టుపైని భోజనము కాదు. ఎండలో ఆకులు తిన్న ఆడ పురుగు మధ్యాహ్నము దాటిన తరువాత చెట్టు దిగి సమీపమున ఉన్న పచ్చికను చేరును. మన్ను త్రవ్వుకొని ఐదు మొదలు పది సెంటీమీటర్ల లోతునకు పోయి ఒకటి, రెండు, మూడు గుడ్లు పెట్టును. మరల చెట్టెక్కును, మరల దిగును. ముప్పది నలుబది దినముల జీవితములో ఈ రాకపోకలు పదింటికి మించి సాగును. మొత్తము పెట్టు గుడ్లు 40 నుండి 60 వరకు ఉండును.

ఇచ్చట గమనింపదగిన విషయము ఒకటి కలదు. ఈ గుడ్డు కోడిగ్రుడ్డువలె తనకు కావలసినదంతయు తనలో ఉంచుకొన్నది కాదు. అది మన్నులోని తేమను పీల్చుకొని ఉబ్బి దాదాపు రెండింతలగును. తేమ దొరకనిచో పిండము పెరుగదు, గుడ్డు ఎండిపోవును. క్రొత్తగా పొదిగిన పిల్లయును పొడి మన్నులో బ్రతుకజాలదు. అందుచేతనే జూలై, ఆగస్టు నెలలలో వానలు లేని సంవత్సరము తరువాత పురుగులు పలుచబడును. ఇప్పుడు చుట్టుప్రక్కల నేల అంతయు ఎండి, ఒక్క ఇంటివారు మాత్రము దినదినము నీరు పెట్టుచున్నారనుకొనుడు. ఆడ పురుగులన్నియు ఎచ్చట దిగునో వేరుగ చెప్పనక్కరలేదు. సెప్టెంబరులో గడ్డిని బ్రతికించుటకు పెట్టు నీరు గడ్డికి మేలు. జూలైలో పెట్టిన నీరు పురుగునకు మేలు. నీరు ఒకటియే, నెల వేరు.

గుడ్డు సుమారు రెండు వారములలో పొదుగును. వెలువడిన డింభకము మూడు దశలు గడుపును. ఒక్కొక్క దశ చివర కుబుసము విడుచును. మొదటి దశ రెండు మూడు వారములు, రెండవది మూడు నాలుగు వారములు. ఈ రెండు దశలలో అది చిన్నది, తిండి స్వల్పము. సెప్టెంబరులో మూడవ దశ ప్రవేశించును. తిండి అంతయు ఇప్పుడే. ఆ కాలమున ఎండలు ఇంకను తగ్గక, నేల పొడిగా ఉన్నచో గడ్డికి నీరు ఎక్కువ కావలెను. నీరు తెచ్చు వేళ్ళు లేవు. కనుక మచ్చలు హఠాత్తుగా లేచును. పురుగుల వాసన పట్టి రకూన్, స్కంక్ వంటి జంతువులు రాత్రులందు పచ్చికను త్రవ్వి తిరగవేయును. తోటకు పురుగు చేసిన హానికంటె ఈ త్రవ్వకము చేసిన హాని కొన్నిచోట్ల ఎక్కువగ కనబడును.

అక్టోబరులో నేల చల్లబడును. మన్ను ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడు సమీపమునకు దిగినప్పుడు డింభకము తినుట మాని క్రిందికి పోవును. సామాన్యముగా 10 నుండి 20 సెంటీమీటర్ల లోతున అది చలికాలము గడపును. పైన మంచు పడినను నష్టము లేదు. మంచు పొర కంబళివలె నేల వెచ్చదనమును కాపాడును. మార్చి, ఏప్రిల్ నెలలలో నేల మరల 10 డిగ్రీలకు చేరగనే అది వేళ్ళ కడకు పైకి వచ్చి నాలుగు మొదలు ఆరు వారములు తినును. అప్పుడును తినుచునే ఉన్నది కదా, మచ్చలు ఏల కనబడవు? వసంతమున వానలు కలవు, ఎండ తీక్ష్ణముగా ఉండదు. కెంటకీ బ్లూగ్రాస్ వంటి చలి దేశపు గడ్డి ఆ ఋతువులోనే చురుకుగా క్రొత్త వేళ్ళు వేయును. పురుగు కొరికినంత గడ్డి పూడ్చుకొనును. మే, జూను నెలలలో డింభకము ప్యూపాగా మారును. ఒకటి నుండి మూడు వారములలో పెంకు పురుగై పైకి వచ్చును. చక్రము పూర్తియైనది. వేసవి మరీ చల్లగా ఉండు ఉత్తర ప్రాంతములలో ఈ చక్రమునకే రెండు సంవత్సరములు పట్టును.

ఇట్లు సంవత్సరములో రమారమి పది నెలలు నేలలోపల, రెండు నెలలు మాత్రము నేలపైన ఉండు జీవితమిది. పురుగునకు తేదీలు తెలియవు; దానికి తెలిసినది వెచ్చదనము. కీటకములు తమ శరీరోష్ణమును మనవలె నిలుపుకొనలేవు కనుక, చుట్టునున్న ఉష్ణము ఎంతో వాని పెరుగుదల అంత. ఉష్ణమును దినదినము కూడి లెక్కించు ఆలోచన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమూర్‌ది. ఆయన దీనిని 1735లో ప్రకటించెను. ఇది తరగతిలో చేయదగిన లెక్క. ఒకనాటి గరిష్ఠ ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, కనిష్ఠము 14 డిగ్రీలు అనుకొనుడు. సగటు 20. పురుగు పెరుగుట మొదలిడు ఉష్ణోగ్రత 10 గా తీసికొన్నచో ఆనాటి జమ 10 డిగ్రీ-దినములు. ఇట్లు సంవత్సరాదినుండి కూడుకొనుచు పోయి, ఫలానా మొత్తమునకు పురుగు వెలువడునని చెప్పవచ్చును. వేసవి ముందుగా వచ్చిన సంవత్సరమున తేదీ ముందునకు జరుగును. మొత్తము మాత్రము పెద్దగా మారదు.

ఈ పంచాంగమును లెక్కింపక పురుగును అణచబోయిన కథ ఒకటి అమెరికాలో జరిగినది. 1954లో ఇల్లినాయిస్ రాష్ట్రపు తూర్పు భాగమున షెల్డన్ అను ఊరి చుట్టు, జపాను పెంకు పురుగు పడమటికి వ్యాపింపకుండుటకై, విమానములనుండి డీల్డ్రిన్ అను విషమును 1,400 ఎకరములపై చల్లిరి. మరుసటి సంవత్సరములలోను ఆ పని సాగెను. డీల్డ్రిన్ నేలలో చాలకాలము చెడక ఉండును. పురుగు ఏ దశలో ఎచ్చట ఉన్నను ఎప్పటికైనను దానికి తగులునని ఆలోచన. పురుగు సమయము తెలిసికొనుటకు బదులు అన్ని సమయములను విషముతో నింపుటయే గదా ఇది. విషము తిన్న డింభకములు చచ్చుటకు ముందు నేలపైకి వచ్చి పడియుండెను. వానిని పక్షులు తినెను. రాబిన్, మెడోలార్క్, నెమలిజాతి ఫెసెంట్ పక్షులు ఆ ప్రాంతమున ఇంచుమించుగ నశించెను. పొలములలోని పెంపుడు పిల్లులు పదింట తొమ్మిది చచ్చెను. గొఱ్ఱెలును కొన్ని చచ్చెను. పెంకు పురుగు మాత్రము పడమటికి సాగిపోయినది. రేచెల్ కార్సన్ 1962లో ప్రకటించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథమున ఈ వృత్తాంతము వివరముగ కలదు. 1970ల నడుమ ఆ దేశము డీల్డ్రిన్‌ను వ్యవసాయమున వాడకుండ నిలిపివేసెను.

అదే కాలమున తూర్పు రాష్ట్రములలో మరియొక మార్గము సాగుచుండెను. 1920 తరువాత అమెరికా శాస్త్రజ్ఞులు జపాను, కొరియా, చైనా దేశములు తిరిగి ఈ పురుగు సహజ శత్రువులను వెదకి తెచ్చిరి. వానిలో టిఫియా జాతి కందిరీగలు రెండు స్థిరపడినవి. ఆడ కందిరీగ మన్ను త్రవ్వుకొని పోయి డింభకమును కుట్టి కొంతసేపు కదలకుండ చేసి, దాని దేహమునకు ఒక గుడ్డు అంటించును. గుడ్డునుండి వచ్చిన పిల్ల డింభకమునే తిని పెరుగును. చదువరులకు ఆశ్చర్యము కలిగించు భాగము వీని కాలనిర్ణయము. టిఫియా వెర్నాలిస్ మే, జూను నెలలలో వచ్చును. అప్పుడు నేలలో ఉన్నవి చలికాలము గడచి బలిసిన మూడవ దశ పురుగులు, ఆహారము పుష్కలము. టిఫియా పోపిల్లియావోరా వచ్చునది ఆగస్టు, సెప్టెంబరులలో. ఆ వేళ కొన్ని డింభకములు ఇంకను రెండవ దశలోనే ఉండును. అట్టి చిన్న పురుగుపై పెట్టిన గుడ్లనుండి మగ కందిరీగలే వచ్చునని, మూడవ దశ దానిపై పెట్టిన వానినుండి ఆడవి వచ్చునని పరిశోధనలలో తేలినది. మగవి ఎన్ని ఉన్నను గుడ్లు పెట్టునది ఆడది గదా. రెండు వారములు ముందు వచ్చిన నేరమునకు ఒక కందిరీగ వంశము పలుచబడును.

రెండవ శత్రువు బాక్టీరియా. దీనిని నేడు పేనిబాసిల్లస్ పోపిల్లియే అందురు. దీని సిద్ధబీజములు మన్నుతోపాటు డింభకము కడుపులో పడి మొలచి రక్తమున పెరుగును. స్వచ్ఛముగా ఉండవలసిన రక్తము పాలవలె తెల్లబడుటచే దీనికి పాల తెగులు అని పేరు. చచ్చిన ఒక్క పురుగునుండి కోట్ల కొలది సిద్ధబీజములు నేలలో కలియును. ప్రభుత్వము 1939 నుండి 1953 వరకు తూర్పు రాష్ట్రములలో ఈ పొడిని పచ్చిక నేలలపై చల్లించెను. దీనికిని ఋతువు కావలెను: నేల వెచ్చగా ఉండి డింభకములు చురుకుగా తినుచున్నప్పుడే ఇది వ్యాపించును. తొలినాళ్ళలో దీనిని గురించి చెప్పిన గొప్పలన్నియు నిలువలేదు. తరువాతి పరీక్షలలో ఒకచోట గుణము కనబడెను, ఒకచోట కనబడలేదు. మనుష్యునకు గాని, పక్షికి గాని, వానపామునకు గాని దీనివలన హాని లేదన్నది మాత్రము నిలిచిన మాట.

నేటి తోటమాలులు చేయు పని మరింత సామాన్యమైనది. ఆగస్టు నడుమ, మచ్చలు రాకముందే, పచ్చికలో అక్కడక్కడ అడుగు పొడవు, అడుగు వెడల్పు గల ముక్కను పారతో మూడు వైపుల కోసి మూతవలె ఎత్తి క్రింది పురుగులను లెక్కింతురు. చదరపు అడుగునకు నాలుగైదు ఉన్నచో, బలమైన పచ్చిక ఆ నష్టమును ఓర్చుకొనును, ఏమియు చేయనక్కరలేదు. పదికి మించినప్పుడు ఆలోచింతురు. చిన్న డింభకము పైపొరలో ఉండును, తక్కువ మందుకు లొంగును. అదే పురుగు అక్టోబరు చివర లోతున ఉండును. మందు దానిని చేరదు. ఏప్రిల్‌లో పైకి వచ్చినను అది బలిసినది, త్వరలో తినుట మానునది. ముందుజాగ్రత్తగా జూను, జూలైలలో వాడు ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు కలవు గాని, పచ్చికలో తెల్ల క్లోవర్ పూచియుండగ చల్లినచో తేనెటీగలకు ప్రమాదము. కనుక ముందు పూలను కత్తిరించి తరువాత మందు వాడవలెనని చెప్పుదురు.

డింభకములలో జాతిని పోల్చుటకు భూతద్దము చాలును. పొట్ట చివరి ఖండము అడుగుభాగమున చిన్న ముండ్లు వరుసలు తీరియుండును. జపాను పెంకు పురుగునకు ఆ వరుసలు రెండు కలిసి వంపు లేని చిన్న కోణముగా, ఆంగ్ల అక్షరము ‘వి’ వలె ఉండును. ఇతర జాతులకు వేరు వేరు అమరికలు. ప్రయోగశాలలో విద్యార్థులు చూచి బొమ్మ గీయదగినది ఇది. ఇక, పురుగులను వాసనతో ఆకర్షించు బోనులు అంగళ్ళలో దొరకును. 1980లలో కెంటకీ విశ్వవిద్యాలయము వారు పరీక్షించి, బోను పట్టినవానికంటె పిలిచినవి ఎక్కువ అని తేల్చిరి. పొరుగువాని పెరటిలో పెట్టించుటకు తగిన సాధనము.

ఈ పురుగు అమెరికాతో ఆగలేదు. 1970ల ఆరంభమున అట్లాంటిక్ సముద్రములోని అజోర్స్ దీవులను చేరెను. 2014లో ఇటలీ ఉత్తర భాగమున, 2017లో స్విట్జర్లాండులో కనబడెను.

తెలుగుదేశమునకు జపాను పెంకు పురుగు రాలేదు గాని దాని దాయాదులు కలవు. రాయలసీమ వేరుశనగ చేలలో రైతులు వేరు పురుగు అని పిలుచునది హోలోట్రికియా జాతి పెంకు పురుగు పిల్లయే. అదే వంపు, అదే తెలుపు, అదే తిండి. జూలై, ఆగస్టులలో చేనిలో మొక్కలు అక్కడక్కడ వాడి, పట్టి లాగగనే వేళ్ళు లేక ఊడివచ్చును. పంచాంగము మాత్రము వేరు. చలి లేని ఈ నేలలో దీనికి గడియారము వాన. వర్షాకాలము ముగియునప్పటికి డింభకము బలిసి నేల లోతున ప్యూపాగా మారును. కొలది వారములలో పెంకు పురుగు తయారగును. కాని పైకి రాదు. శీతకాలము, ఎండకాలము మన్నులోనే కదలక ఎదురుచూచును. తొలకరి వాన గట్టిగా పడి నేల తడిసిన సాయంకాలము, దీపములు పెట్టు వేళకు, అన్నియు ఒక్కసారి లేచి చేను గట్టుమీది వేపచెట్టును చేరును. రాత్రి ఆకులు తిని, జతగూడి, తెల్లవారకముందే ఆడవి నేలకు దిగి గుడ్లు పెట్టును.

కనుక ఇచ్చటి పని వేరుశనగ వాడిన ఆగస్టులో లేదు. తొలకరి పడిన రాత్రి ఊరివారందరు కలిసి లాంతర్లతో వేపచెట్ల కడకు పోయి, క్రింద గుడ్డ పరచి, కొమ్మలు దులుపుదురు. రాలిన పురుగులను కిరసనాయిలు కలిపిన నీటి బకెట్లలో వేయుదురు. ఒక్క రైతు తన గట్టుమీది చెట్టును మాత్రమే దులిపినచో ప్రయోజనము స్వల్పము; ప్రక్క చెట్టుపైని పురుగు ఇతని చేనిలోనే దిగును. అట్టి రాత్రులు వానను అనుసరించి మూడో నాలుగో వచ్చును.